నల్లమల దారిలో నేను పెట్టుకున్న జీపీఎస్ హెచ్చరిక గంటలు

ఏటా కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్ళడం మా ఇంట్లో నాన్నగారి చిన్ననాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. హైదరాబాదు నుంచి కల్వకుర్తి, డిండి మీదుగా సాగే ఆ 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణంలో, మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట వరకు ఉన్న దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. వన్యప్రాణుల రక్షణ కోసం రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అక్కడ వాహనాలను వదలరు. అందువల్ల తెల్లవారుజామునే బయలుదేరిన వాళ్ళందరూ గేటు ముందు బారులు తీరి, అది తెరవగానే ఒకరి వెనుక ఒకరు అడవిలోకి ప్రవేశిస్తారు. దుప్పులు, అడవిపందులు, నెమళ్ళు రోడ్డు పక్కకు వచ్చి మేసే వేళ కూడా అదే.

రెండేళ్ళ క్రితం అలాంటి ఒక ఉదయం, ఫరహాబాద్ దాటిన కొంతసేపటికి, ఎడమ పక్క పొదల్లోంచి ఒక దుప్పి మా కారుకు అడ్డంగా దూకింది. అప్పుడు నేను గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోతున్నాను. ఆ వేగంలో కారు సెకనుకు 18 మీటర్లు కదులుతుంది. చూసిన సంగతి మనసుకు ఎక్కి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా, బ్రేకు పడకముందే 27 మీటర్లు గడిచిపోతాయి. దుప్పి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. వెనుక సీటులో ఉన్న నాన్నగారి నుదురు ముందు సీటుకు తగిలి కమిలింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ శ్రీశైలం చేరే వరకు ఆయన చెయ్యి ముందు సీటును పట్టుకునే ఉంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతూనే ఉంటుంది.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారవుతున్న కార్లన్నిటికీ వేగ హెచ్చరిక తప్పనిసరి. వేగం 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా శబ్దం వస్తుంది. పెద్ద రహదారుల మీద అది మేలు చేసే నిబంధనే. అయితే ఆ ఉదయం నా కారు ఏ శబ్దమూ చేయలేదు, ఎందుకంటే కారు లెక్కలో 65 తప్పు కాదు. ఎక్కడ 65 ఎక్కువో, ఎక్కడ 40 కూడా ఎక్కువో ఆ దారిలో తిరిగినవాడికే తెలుస్తుంది. ఆ తెలిసిన సంగతిని జీపీఎస్ పరికరంలోకి ఎక్కించవచ్చని నాకు అంతకుముందే తెలిసినా, చేయాలన్న పట్టుదల కలిగింది మాత్రం ఆ ప్రయాణం తరువాతే. అడవిలో చాలా దూరం మొబైల్ సిగ్నల్ అందదు కాబట్టి, నెట్ అవసరం లేకుండా ఉపగ్రహాల సంకేతాలతోనే పనిచేసే గార్మిన్ సంస్థ జీపీఎస్ పరికరాన్ని ఇందుకు వాడుకున్నాను.

ఆ సంస్థ ఉచితంగా ఇచ్చే పీఓఐ లోడర్ అనే చిన్న సాఫ్ట్‌వేరుతో మనకు కావలసిన చోట్లను, వాటి హెచ్చరికలను పరికరంలోకి పంపవచ్చు. హెచ్చరికలు రెండు రకాలు. మొదటిది దూరానికి సంబంధించినది: మనం గుర్తించిన చోటికి నిర్ణయించిన దూరంలోకి రాగానే, ఏ వేగంలో ఉన్నా సరే, గంట మోగుతుంది. రెండవది వేగానికి సంబంధించినది: ఆ చోటిని సమీపించేటప్పుడు మనం పెట్టిన వేగాన్ని అందుకున్నా, దాటినా మాత్రమే మోగుతుంది, నెమ్మదిగా వెళితే మౌనంగా ఉంటుంది. ఈ రెండింటి తేడాను నేను మొదట పట్టించుకోలేదు. తరువాత చేసిన మార్పులన్నీ ఈ తేడాను అర్థం చేసుకున్నాకే కుదిరాయి.

చోట్ల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఒక్కో వివరాన్ని కామాతో విడదీస్తూ, రాయాలి. ఒక్కో వరుసలో ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం, ఆ తరువాత పేరు, కావాలంటే చివర ఒక వివరణ ఉంటాయి. పేరు చివర ఎట్ గుర్తు (@) పెట్టి 40 అని రాస్తే ఆ చోటికి హెచ్చరిక వేగం 40 అవుతుంది. లోడర్‌ను తెరిచినప్పుడు వేగాన్ని కిలోమీటర్లలోనూ దూరాన్ని మీటర్లలోనూ లెక్కించమని ఎంచుకుని, మాన్యువల్ పద్ధతిలో ముందుకు వెళితే ఒక్కో ఫైలుకు ఏ రకం హెచ్చరిక కావాలో విడివిడిగా అడుగుతుంది. అందుకే దూరపు హెచ్చరికలను ఒక ఫైలులోనూ, వేగపు హెచ్చరికలను ఇంకొక ఫైలులోనూ పెట్టుకుని, రెండింటినీ ఒకే ఫోల్డరులో ఉంచాలి. కొత్తగా ఎక్కించినప్పుడు మామూలుగా పాత జాబితా చెరిగిపోయి దాని స్థానంలో కొత్తది వస్తుంది కాబట్టి, ఒక్క చోటు చేర్చాలన్నా ఫోల్డరు మొత్తాన్ని మళ్ళీ పంపాల్సిందే. ఆఖరున పరికరం సెట్టింగులలో ఈ హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మొదటి ప్రయత్నంలో ఒక్క గంట కూడా మోగలేదు. కారణం వెదకడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోటును నొక్కి పట్టి అంకెలను కాపీ చేసుకుంటే ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం వస్తాయి. లోడర్‌కు కావలసిన వరుస దానికి సరిగ్గా తలకిందులు. మన్ననూరు ప్రాంతపు అక్షాంశం 16తో, రేఖాంశం 78తో మొదలవుతాయి. వాటిని తారుమారు చేస్తే ఆ చోటు ఉత్తర ధ్రువానికి చేరువగా, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల ప్రాంతంలో పడుతుంది. మన రేఖాంశం 90 లోపు ఉండడం వల్ల అది అక్షాంశంగా కూడా చెల్లుబాటు అవుతుంది, కాబట్టి సాఫ్ట్‌వేరుకు అందులో ఏ తప్పూ కనిపించదు. ఈ పని చేయదలచిన తెలుగువాళ్ళు ఈ ఒక్క సంగతిని మాత్రం తప్పకుండా సరిచూసుకోవాలి: మన రాష్ట్రాలలో ప్రతి వరుసా పెద్ద అంకెతో మొదలుకావాలి. దశాంశ స్థానాలు ఐదు ఉంటే మీటరు వరకు తేడా తెలుస్తుంది, నాలుగుతో ఆపితే 11 మీటర్ల వరకే తెలుస్తుంది; ఆకాశం బాగా కనిపించే చోట కూడా జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి ఐదుకు మించి రాసినందువల్ల ప్రయోజనం లేదు.

ఎంత దూరం ముందుగా మోగాలన్నది అసలైన ప్రశ్న. నేను దాన్ని మీటర్లలో కాక సెకన్లలో ఆలోచించాను. గంట వినడం, దేనికి మోగిందో తెర మీద పేరు చూడడం, వెనుక వచ్చే బండిని అద్దంలో గమనించడం, కాలు తీసి మెల్లగా బ్రేకు వేయడం, వీటన్నిటికీ కంగారు లేకుండా 12 నుంచి 14 సెకన్లు కావాలని రెండు మూడు ప్రయాణాలలో తేల్చుకున్నాను. కల్వకుర్తి వైపు మైదానంలో 80 వేగంతో వెళుతుంటే దానికి 300 మీటర్లు, అడవిలో 50 వేగానికి 200 మీటర్లు, ఘాట్ రోడ్డులో 30 వేగానికి 100 మీటర్లు సరిపోతాయి. వేగం అంకెను పెట్టుకునేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి: కారు స్పీడోమీటరు సాధారణంగా ఉన్న వేగం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, జీపీఎస్ చూపించేది అసలు వేగానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి స్పీడోమీటరులో అలవాటైన అంకెను పరికరంలో పెట్టినప్పుడు మనం ఆశించిన దానికంటే కొంచెం ఆలస్యంగా మోగుతుంది.

ఘాట్ రోడ్డులో ఇంకొక చిక్కు ఉంది. దూరపు హెచ్చరిక అంటే మనం గుర్తించిన చోటు చుట్టూ గీసిన ఒక వృత్తం. అది రోడ్డు వెంట దూరాన్ని కొలవదు, గీత గీసినట్టు నేరుగా కొలుస్తుంది. ఈగలపెంట దాటి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే మలుపులలో, కింది మలుపు నేరుగా చూస్తే దగ్గరగానే ఉన్నా, రోడ్డు వెంట దానిని చేరడానికి చాలా దూరం పోవాలి. 300 మీటర్లు పెట్టుకున్నప్పుడు పై మలుపులో ఉండగానే కింది మలుపు గంట మోగేది, నిజంగా దానిని చేరేసరికి నిశ్శబ్దంగా ఉండేది. అలాంటి చోట తప్పు సమయంలో మోగిన గంట మోగని గంట కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే అది చూపును రోడ్డు మీద నుంచి అనవసరంగా మరలిస్తుంది. అక్కడ 100 మీటర్లకు తగ్గించిన తరువాత ఆ ఇబ్బంది చాలావరకు పోయింది.

మొదట్లో నేను దూరపు హెచ్చరికలనే విచ్చలవిడిగా పెట్టాను. మలుపులు, కల్వర్టులు, అటవీ శాఖ బోర్డులు, ప్రయాణికులు తిండి విసరడం వల్ల కోతులు గుంపులుగా కూర్చునే చోట్లు అన్నీ కలిపి 31 అయ్యాయి. (ఆ కోతులకు దయచేసి ఎవరూ ఏమీ పెట్టకండి, ఆ తిండి కోసమే అవి చక్రాల ముందుకు వస్తున్నాయి.) రెండవ ప్రయాణానికల్లా ఆ శబ్దం నా చెవికి అలవాటై, వినిపించినా కాలు కదలని స్థితి వచ్చింది. నా పక్కన కూర్చున్న నా భార్య అది గమనించి, మోగినవాటిలో నేను నిజంగా వేగం తగ్గించినవి ఎన్నో ఒక కాగితం మీద గీతలు పెట్టింది. 31లో 8 మాత్రమే వచ్చాయి.

దుప్పి ఫలానా చోటే దాటుతుందని ఎవరూ చెప్పలేరు, కాబట్టి అడవి మొత్తానికి కావలసింది వేగపు హెచ్చరిక. ఇప్పుడు మన్ననూరు నుంచి దోమలపెంట వరకు సుమారు 2 కిలోమీటర్లకు ఒకటి చొప్పున, 50 దగ్గర మోగేలా, చూపు అందని వంపులలో 40 దగ్గర మోగేలా వరుసగా పెట్టుకున్నాను. నేను సరిగా నడిపినంతసేపూ అవి నోరు మెదపవు కాబట్టి ఎన్ని ఉన్నా విసుగు కలగదు. దూరపు హెచ్చరికలను మాత్రం ఏ వేగంలో ఉన్నా నాకు గుర్తు చేయవలసిన చోట్లకే మిగిల్చాను. కాగితం మీద తేలిన ఆ 8 చోట్లూ అలాగే ఉన్నాయి.

తొమ్మిదవది గత కార్తీకంలో నాన్నగారు చేర్పించారు. ఆ అడవిలో రోడ్డును ఆనుకుని చెంచుల పెంటలు, అంటే వాళ్ళ చిన్న గూడేలు, ఉన్నాయి; దోమలపెంట, ఈగలపెంట అనే పేర్లలో ఉన్నదీ ఆ పెంటే. వటవర్లపల్లి దగ్గర బడికి వెళ్ళే పిల్లలు నలుగురైదుగురు రోడ్డు అంచున నడుస్తూ, మాటల్లో పడి ఒకరినొకరు తోసుకుంటూ వెళుతున్నారు. నేను అప్పుడు 38లోనే ఉన్నాను, వేగపు గంట మోగే అవసరం లేదు. అయినా నాన్నగారు వెనుక నుంచి ముందుకు వంగి, "ఇక్కడ మెల్లగా పోతున్నా మోగేటట్టు పెట్టు నాయనా" అన్నారు. కారు పక్కకు ఆపి ఆ చోటును పరికరంలో గుర్తించుకున్నాను, ఇంటికి వచ్చాక 200 మీటర్లతో దూరపు ఫైలులో చేర్చాను.