జంతికల డబ్బా

బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు చేసే మనసు పరీక్షకి నేను సమాధానాలు బట్టీ పట్టి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెప్తున్నదాన్ని, ఏ పరీక్షైనా ముందే చదువుకుని వెళ్తే గట్టెక్కొచ్చు అనుకున్నాను.

అప్పటికి నాకు 43 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. అంటే ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎంఐ లెక్క దాదాపు 45. షుగర్ మాత్రలతో అదుపులోకి రావడం లేదు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని రాత్రిళ్లు మెషిన్ మాస్కు పెట్టుకుని పడుకునేదాన్ని. విజయవాడలో సర్జన్ గారు స్లీవ్ ఆపరేషన్ మంచిదన్నారు. పొట్టలో ముప్పాతిక భాగం పైనే తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలాంటి సన్నటి గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసి తీసేసే ఆ భాగంలోనే. అందుకే ఆకలి కూడా తగ్గుతుందట. ఎండోస్కోపీ, స్కానింగు, గుండెకి ఎకో, రక్తపరీక్షలు రాసిచ్చారు. ఆ కాగితంలో చివరి వరుస సైకాలజిస్టు అసెస్‌మెంట్.

గుంటూరు వచ్చే బస్సులో కూర్చుని ఆ వరుసే చూస్తూ ఉండిపోయాను.

"పొట్టకి ఆపరేషన్ అయితే మనసు డాక్టరెందుకే? నీకేమన్నా పిచ్చా?" అంది అమ్మ తెనాలి నుంచి ఫోన్లో. మా ఆయన "ఊరికే నాలుగు మాటలు అడిగి సంతకం పెడతారులే" అన్నారు. అంతకుముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, ఆమె చెప్పింది ఒకటే: "అన్నీ బాగున్నాయని చెప్పండి. తిండి గురించి ఎక్కువ మాట్లాడకండి. ఏడిస్తే మాత్రం ఆపరేషన్ ఆపేస్తారు."

అందుకని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నిద్ర బాగానే పడుతుంది. దిగులు లేదు. మూడు పూటలా భోజనం, మధ్యలో ఏమీ తినను. మొదటి రెండూ ఎలాగో చెప్పగలను. మూడోది రాస్తుంటేనే చెయ్యి ఆగింది.

అప్పటికి నాలుగేళ్లుగా నేను రాత్రి ఒంటిగంట దాటాక లేచి తింటున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. వంటింట్లో లైటు వేసేదాన్ని కాదు, ఫ్రిజ్ తలుపు తెరిస్తే వచ్చే వెలుతురే చాలు. చల్లటి పులిహోర గిన్నెలోంచే చేత్తో తీసుకుని తినేదాన్ని. స్టీలు డబ్బా మూత టంగుమంటుందని చుట్టూ కొంగు వేసి పట్టుకుని మెల్లగా తిప్పి తీసేదాన్ని. జంతిక కొరికితే పక్క గదిలోకి వినపడుతుందని, మెత్తబడేదాకా నోట్లోనే ఉంచుకుని మింగేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు. పొట్ట నొప్పి పుట్టేదాకా ఆగేదాన్ని కాదు. పొద్దున్నే లేచి పిల్లలు తిన్నారన్నట్టు డబ్బా సర్దేసేదాన్ని.

సైకాలజిస్టు మేడం నా కంటే పదేళ్లు చిన్న. ముందు ఒక కాగితం ఇచ్చారు, తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, అతిగా తినడం, బతికి ఏం లాభం అనిపించడం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయాలి. నేను అన్నిటికీ సున్నాలు వేసి ఇచ్చాను. ఆవిడ ఆ కాగితం చూసి పక్కన పెట్టి, "మీ బరువు కథ చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్న నా నోట్‌బుక్‌లో లేదు.

చెప్పాను. పెళ్లినాటికి 62. రెండో కాన్పు తర్వాత 84. 2018లో ఊరంతా కొబ్బరినూనె డైట్ చేస్తుంటే నేనూ చేసి 14 కిలోలు తగ్గాను, ఏడాది తిరిగేసరికి అవన్నీ వెనక్కి వచ్చాయి. "మరి ఆ తర్వాత ఇంతగా ఎప్పుడు పెరిగారు?" అని అడిగారు. "2021 మే నుంచి" అన్నాను. తేదీ అంత కచ్చితంగా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు. ఆవిడ ఏమీ అనలేదు. అలాగే చూస్తూ కూర్చున్నారు.

ఆ మేలో నాన్న కరోనాతో పోయారు. ఆస్పత్రి లోపలికి మమ్మల్ని రానివ్వలేదు, బయట చెట్టు కింద రెండు రోజులు కూర్చున్నాం. పంపించిన ఇడ్లీ క్యారియర్ మూత తీయకుండానే తిరిగొచ్చింది. ఆ రాత్రి ఇంటికొచ్చి, ఆ క్యారియర్‌లోని ఇడ్లీలు వంటింట్లో చీకట్లో నిలబడి నేనే తిన్నాను. పారేయడానికి మనసు రాలేదు. మొదలైంది అక్కడ. ఇది నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. అక్కడ కూర్చుని అంతా చెప్పేసి, వద్దన్న పనే చేశాను. ఏడ్చాను.

ఆవిడ ఆపరేషన్ ఆపలేదు, వాయిదా వేశారు. ఎందుకో వివరంగా చెప్పారు. పొట్ట చిన్నదైతే ఒకేసారి ఎక్కువ పట్టదు. కానీ ఐస్‌క్రీమూ, స్వీట్లూ, మెత్తగా నానిన జంతికలూ కొంచెం కొంచెంగా రాత్రంతా దిగుతూనే ఉంటాయి. తగ్గిన బరువు మళ్లీ వస్తుంది. తిండి దారి మూసుకుపోయినప్పుడు కొందరు తాగుడు అలవాటులోకి వెళ్తారని, ఆపరేషన్ తర్వాత మద్యం త్వరగా ఒంటికెక్కుతుందని కూడా చెప్పారు. కాగితం మళ్లీ ఇచ్చారు. ఈసారి నిజం రాస్తే 27కి 13 వచ్చింది.

రెండున్నర నెలలు వారం వారం వెళ్లాను. ఒక శనివారం మా ఆయన్ని కూడా రమ్మన్నారు. డబ్బా సంగతి ఆయన ముందే చెప్పాను. దారి పొడవునా ఆయన మాట్లాడలేదు. మంగళగిరి దాటాక, "నేను లేచే ఉండేవాణ్ణి కొన్నిసార్లు. అడిగితే బాధపడతావని అడగలేదు" అన్నారు.

మేడం నన్ను రాత్రి తినడం మానేయమనలేదు. తినాలనిపిస్తే లైటు వేసి, కంచంలో పెట్టుకుని, కూర్చుని తినమన్నారు. తినేముందు మనసులో ఏముందో ఒక్క వాక్యం రాయమన్నారు. మొదటి వారం ఐదు రాత్రులు రాశాను, ఐదింట్లోనూ నాన్న ఉన్నారు. పదో వారానికి వారంలో ఒక్క రాత్రే లేచాను. నోట్‌బుక్‌లో బట్టీ సమాధానాలున్న పేజీ తర్వాతి పేజీ నుంచే ఇవన్నీ ఉన్నాయి.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లివర్ కుదించుకోవాలని ముందు రెండు వారాలు ద్రవాలే తాగాను. ఆపరేషన్ అయిన మూడో రోజున ఇంటికొచ్చాను. కష్టమైంది మూడో వారం. పక్కింట్లో ఇంగువ పోపు వాసన వచ్చి, మంచం మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆకలి లేదు, తినాలని కూడా లేదు, అయినా ఏదో పోగొట్టుకున్నట్టు. అలాంటి రోజు ఒకటి వస్తుందని మేడం ముందే చెప్పి ఉండకపోతే నాకేదో అయిందని భయపడేదాన్ని.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. బరువు 77. నిద్ర పరీక్ష మళ్లీ చేసి మాస్కు తీసేశారు. షుగర్ మాత్ర ఒకటే మిగిలింది. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్, విటమిన్ మాత్రలు జీవితాంతం. వినాయక చవితి వారంలో మూడు రాత్రులు లేచి ఉండ్రాళ్లు తిన్నాను, మరుసటి సోమవారమే మేడానికి ఫోన్ చేసి చెప్పాను.

ఈ పరీక్షకి వెళ్లబోయేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. వాడే మందుల చీటీలు, ఏ ఏడాది ఎంత బరువున్నారో, ఏ డైట్లు చేసి ఎందుకు ఆపారో రాసుకుని వెళ్లండి. ఇంట్లోవాళ్లని ఒకరిని తోడు తీసుకెళ్లండి. ఆపరేషన్‌లో ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పమంటారు, అది తెలుసుకుని వెళ్లండి. నిద్రకీ దిగులుకీ మాత్రలు వాడుతుంటే దాచకండి, ఆపరేషన్ తర్వాత మాత్రలు ఒంటికి పట్టే తీరు మారొచ్చు. మీకూ ఒక డబ్బా ఉంటే, దాని గురించే ముందు చెప్పండి.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. నా బరువు అడిగింది, పిల్లల సంగతులు అడిగింది. పెట్టేసే ముందు కాసేపు ఆగి, "ఆ మేడం ఆపరేషన్ లేనివాళ్లని కూడా చూస్తుందా?" అంది. "ఎవరికమ్మా?" అన్నాను. "మీ నాన్న మంచం ఇంకా అక్కడే ఉందే, తీయలేకపోతున్నా" అంది.

శనివారం పదకొండింటికి ఇద్దరికీ టైము తీసుకున్నాను.