పాట చివర పరుగెత్తకుండా

చాలాకాలంగా సతాయిస్తున్న చేతి ఆర్గన్ (హ్యాండిల్ తిప్పితే కాగితపు చుట్ట మీది రంధ్రాల ప్రకారం పాట పలికే వాద్యం) సంగతి ఈరోజు ఒక కొలిక్కి వచ్చింది. మొదట్లో నింపాదిగా సాగే పాట, చివరికి వచ్చేసరికి బతుకమ్మ ఆడేవాళ్ల అడుగులకు కూడా అందనంత వేగం పుంజుకునేది. హ్యాండిల్ తిప్పే చేతిలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు.

ఈ వాద్యానికి హ్యాండిల్ ఒక్కటే. అది క్రాంకు ఇరుసును తిప్పి తిత్తులను ఆడిస్తుంది; అదే ఇరుసు మీది పుల్లీ నుంచి బెల్టు వెళ్లి కాగితాన్ని చుట్టుకునే స్పూలును తిప్పుతుంది. కాగితంలో రంధ్రం ఎక్కడ వస్తే అక్కడ గాలికి దారి దొరికి ఆ స్వరపు గొట్టం పలుకుతుంది. కాబట్టి చివర్లో చేయి నెమ్మది చేసి వేగాన్ని సరిచేద్దామంటే గాలి చాలక స్వరమే కిందికి జారుతుంది.

కారణం లెక్క వేస్తే తేలిపోయింది. కాగితం మందం 0.1 మిల్లీమీటర్లు, పొడవు 15 మీటర్లు. నిమిషానికి 3 మీటర్ల చొప్పున అది ఐదు నిమిషాల పాట. 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్పూలు కర్ర మీద ఆ కాగితమంతా చుట్టుకునేసరికి చుట్ట 59 మిల్లీమీటర్లకు లావెక్కుతుంది. స్పూలు అదే వేగంతో తిరుగుతున్నా కాగితం దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా పోతుంది.

పొద్దున ఫోనులో ఈ మాట చెబితే, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా బామ్మర్ది నవ్వాడు. "బట్ట చుట్టుకునే రోలు బట్టను గుంజదు బావా, దాన్ని ఆనుకొని ఉండే గరుకు రోలు గుంజుతది. చుట్ట ఎంత లావైనా గుంజుడు మారది" అన్నాడు. టేపు రికార్డరులో టేపు నడిచేదీ ఆ సూత్రం మీదనే. 1892లో పారిస్‌కు చెందిన గావియోలీ సంస్థ పేటెంటు పొందిన అట్టల ఆర్గన్‌లోనూ రంధ్రాలు కొట్టిన మడతల అట్టను రోలర్లే లాగుతాయి. అయితే అట్ట గట్టిది. నా పల్చని కాగితాన్ని రెండు రోలర్ల మధ్య నొక్కి లాగితే, అవి వెంట్రుకవాసి వంకరగా ఉన్నా కాగితం పక్కకు జరిగి రంధ్రాలు గతి తప్పుతాయి. అంత ఖచ్చితమైన పని నా వంటి వాడి టేకు చెక్కతో కాదనిపించి, బామ్మర్ది సలహాను పక్కన పెట్టాను.

దానికన్నా స్పూలునే లావు చేయడం మేలు. 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క తొడిగితే చుట్ట 90 నుంచి 100కు మాత్రమే పెరుగుతుంది; వేగంలో తేడా 11 శాతానికి దిగుతుంది. కాని లావు స్పూలు అదే కాగితానికి నిమిషానికి పదిన్నర చుట్లు తిరిగితే చాలు, హ్యాండిల్ మాత్రం అరవై తిరుగుతుంది. స్పూలుకు బిగించే పుల్లీ 85 మిల్లీమీటర్లకు మించితే పెట్టెలో పట్టదు గనుక, ఇరుసు మీది 24 మిల్లీమీటర్ల పుల్లీని తీసి 15ది పెట్టాల్సి వచ్చింది. ములుగు రోడ్డులోని లేత్ షాపులో రెండింటినీ గంటలో తీసిచ్చారు.

ఇక బెల్టు జారడం మొదలైంది, అదీ పాట చివర్లోనే. ఇంతకుముందు కాగితపు లాగుడు 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో ఉంటే దాన్ని తిప్పే పుల్లీ వ్యాసార్ధం 30; ఇప్పుడు 45కు 42.5. అంటే బెల్టు మీద బరువు సగానికి పైగా పెరిగింది. పైగా కాగితాన్ని ఇచ్చే స్పూలుకు బ్రేకు ఉంటుంది; అక్కడ చుట్ట సన్నబడే కొద్దీ కాగితం మరింత బిగుసుకుంటుంది. బ్రేకు వదులు చేస్తే కాగితం, గొట్టాలకు గాలి వెళ్లే రంధ్రాల పట్టీ మీద నుంచి లేచి గాలి పోతుంది. కుట్టుమిషన్ తోలు బెల్టును ఇంకా బిగిస్తే చెక్కలోని ఇరుసు మొరాయిస్తుంది.

మిగిలిన మార్గం, చిన్న పుల్లీని బెల్టు మరికొంత చుట్టుకునేలా చేయడం. 22 మిల్లీమీటర్ల బేరింగు ఒకటి తీసుకొని, రెండు పక్కలా వాషర్లు వేసి, స్ప్రింగు ఉన్న చిన్న మీటకు బిగించి, చిన్న పుల్లీకి దగ్గరగా బెల్టును బయటి నుంచి లోపలికి నొక్కేలా పెట్టాను. ఏ వైపు పెట్టాలన్నదే అసలు విషయం. ఇరుసు పుల్లీ దగ్గరికి వచ్చే వైపు బెల్టు బిగువుగా ఉంటుంది. అక్కడ నొక్కితే స్ప్రింగు వెనక్కి పోతుంది. పుల్లీని వదిలి వెళ్లే వదులు వైపు నొక్కితే ఆ వదులునంతా అదే మింగేస్తుంది. సాయంత్రం కాగితం చివరి మీటరు కూడా జారకుండా నడిచింది; స్పూలు పుల్లీ మీద సుద్దతో పెట్టిన గీత హ్యాండిల్ తిరిగినంతసేపూ ఎక్కడా ఆగకుండా తిరిగింది.

మిగిలిన 11 శాతాన్ని యంత్రంతో సరిచేయబోను. కొత్త చుట్టకు రంధ్రాలు కొట్టేటప్పుడు అరసెకను తాళానికి మొదట్లో 25 మిల్లీమీటర్లు ఇచ్చి, చివరికి వచ్చేసరికి క్రమంగా 28కి దగ్గరగా పెంచుకుంటూ పోతే సరిపోతుంది.