జీడి స్టాక్ యాప్: డిస్పాచ్ ఫారం దారికొచ్చింది

మావయ్యకి పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది, రిజిస్టర్లో రాసుకునే లాట్ లెక్కలు ఫోన్లో ఎక్కించుకోడానికి జాంగోలో (వెబ్ యాప్‌లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) ఒక యాప్ రాస్తున్నాను, రోజూ సాయంత్రం గంటా గంటన్నర. లాట్ ఎంట్రీ పోయిన వారమే అయిపోయింది, ఈ వారమంతా డిస్పాచ్ ఫారం (ఏ లాట్‌లోంచి ఎన్ని టిన్నులు పంపామో ఎక్కించేది) మీదే పోయింది.

కావాల్సింది చిన్నదే. ఒక లాట్‌లో 320 గ్రేడు, 10 కిలోల టిన్నులు 40 ఉంటే 41 కొడితే తీసుకోకూడదు. అది చూడాలంటే క్లీన్ (ఫారంలో కొట్టినవి సరైనవో కాదో చూసే ఫంక్షన్) నడిచేటప్పుడు ఆ లాట్ ఫారం చేతిలో ఉండాలి, లాట్ నంబరేమో యూఆర్ఎల్‌లో ఉంది. వ్యూలో (పేజీ అడిగినప్పుడు నడిచే కోడ్) లాట్ తీసి ఫారంకి ఇచ్చాను, వెంటనే టైప్ ఎర్రర్, లాట్ అనేదాన్ని ఫారం ఎరగదు కదా. ఫారం తయారయ్యేటప్పుడు నడిచే ఇనిట్‌లో, సూపర్‌ని (జాంగో సొంత ఇనిట్) పిలవకముందే క్వార్గ్స్‌లోంచి (పేరు పెట్టి పంపిన విలువలు) లాట్‌ని పాప్ చేసి సెల్ఫ్‌లో దాచుకోవాలి, అంతే. ఇంకోటి, ఇంకా ఏమీ పంపని లాట్‌కి సమ్ (ఇప్పటిదాకా పంపిన టిన్నుల మొత్తం) సున్నా ఇవ్వదు, నన్ (None, అంటే ఏమీ లేదని) ఇస్తుంది, కాబట్టి పక్కన ఆర్ 0 (or 0) పెట్టీసాను.

అసలు తిప్పలు ఎడిట్‌తో వచ్చాయి. 40 టిన్నులూ 25, 15గా రెండు ఎంట్రీల్లో వెళ్ళిపోయాయి, మావయ్య ఆ 15ని 14 చెయ్యబోతే ఫారం ఒప్పుకోలేదు. "ఏట్రా, తగ్గిస్తన్నా కూడా సరుకు లేదంటాదేటి?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే, పాత 15 కూడా సమ్‌లో ఉంది, దాని మీద 14 కలిపితే 54 అయిపోతుంది మరి. పాత సంఖ్యని ఇన్‌స్టాన్స్‌లోంచి (ఫారం చేతిలో ఉన్న ఎంట్రీ) తీసి తగ్గిద్దామనుకున్నాను గానీ అందులో అప్పటికి పాతదుంటుందా కొత్తదుంటుందా అని అనుమానం, ప్రింట్ పెట్టి చూస్తే క్లీన్‌లో పాతదే ఉంది, మోడల్ ఫారం (డేటాబేస్ టేబుల్‌కి కట్టిన ఫారం) కొత్త విలువలని క్లీన్ అయ్యాకే అందులో పోస్తుంది. చివరికి తీసివేతలు మానేసి, సమ్ తీసే క్వెరీసెట్‌కి ఎక్స్‌క్లూడ్ పెట్టి సెల్ఫ్ డాట్ ఇన్‌స్టాన్స్ డాట్ పీకే (ఆ ఎంట్రీ ఐడీ) ఇచ్చాను, అంటే ఎడిట్ చేస్తున్న ఎంట్రీని లెక్కలోంచి వదిలేస్తుంది. కొత్త ఎంట్రీకి పీకే నన్ కాబట్టి ఏదీ పోదు, రెండింటికీ అదే కోడ్.

ఇక్కడ ఒకటి జాగ్రత్త. క్లీన్‌లో ఊరికే వాలిడేషన్ ఎర్రర్ రైజ్ చేస్తే ఫారం ఫెయిలైనా సరే ఇన్‌స్టాన్స్‌లోకి ఆ తప్పు సంఖ్య వచ్చీస్తుంది, డేటాబేస్‌లో మారదు గానీ పేజీలో "పాత ఎంట్రీ" అని దాన్నే చూపిస్తే మావయ్య కంగారు పడతాడు. యాడ్ ఎర్రర్‌తో టిన్నుల ఫీల్డ్ మీదే పెట్టాను, అప్పుడు అది ఆ సంఖ్యని క్లీన్డ్ డేటాలోంచి (తనిఖీ దాటిన విలువలు) తీసేస్తుంది, ఇన్‌స్టాన్స్‌లోకి పోదు, మెసేజ్ కూడా ఆ గడి దగ్గరే కనిపిస్తుంది, నాకైతే ఇదే నచ్చింది.

మిగిలింది గోడౌన్‌లో ఒకరు, ఆఫీసు గదిలో ఒకరు ఒకే లాట్ మీద ఒకేసారి నొక్కడం. ఇద్దరికీ అవే 10 మిగిలున్నట్టు కనిపిస్తే ఇద్దరివీ పాసైపోతాయి. వ్యూలో ట్రాన్సాక్షన్ అటామిక్ (లోపలి పనంతా పూర్తయితేనే నిలుస్తుంది, లేకపోతే ఏదీ నిలవదు) వేసి, అందులో లాట్‌ని సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (ఒకరి పని అయ్యేదాకా రెండోవారిని ఆపే లాక్) తీసి, ఈజ్ వ్యాలిడ్ (క్లీన్‌ని నడిపేది), సేవ్ రెండూ ఆ లోపలే పిలిచాను. కానీ ఇప్పుడున్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్, దాని మీద ఆ లాక్ పనిచెయ్యదు. ఆదివారం ఆ లాక్ పనిచేసే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎక్కించి, నా ఫోనూ మావయ్య ఫోనూ పెట్టుకుని ఒకేసారి నొక్కి చూస్తాం.