ఆరో ప్రశ్నకు నా జవాబు

నేను పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పిన ప్రైవేటు పాఠశాలవారు ఒక వేసవి సెలవుల్లో ఫోన్ చేసి, ఇక రానక్కరలేదని ఒక్క మాటతో చెప్పేశారు. ఉద్యోగం పోయిన బాధ కంటే, ఆ తర్వాత నాలో వచ్చిన మార్పే నన్ను ఎక్కువగా భయపెట్టింది. మూడు నెలలు గడిచేసరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, పిల్లలకు క్యారియర్ కట్టడానికి చేతులు ఆడకపోవడం, ఎంతో ఇష్టమైన ఉగ్గాని కూడా నోటికి రుచించకపోవడం మామూలైపోయాయి. అదంతా నా సోమరితనమే అనుకున్నాను. ఒక రాత్రి మానసిక సమస్యలకు సాయపడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ వారి 14416కు ఫోన్ చేస్తే, అవతలి ఆవిడ ఓపికగా అంతా విని, మానసిక వైద్యులను తప్పకుండా కలవమని చెప్పారు.

డిప్రెషన్ ఎంత ఉందో కొలవడానికి డాక్టరుగారు నా ముందు పెట్టిన కాగితంలో తొమ్మిది ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో ఎంత తరచుగా అలా అనిపించిందో చూసుకుని, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు గుర్తు పెట్టాలి. మొత్తం ఎంత ఎక్కువైతే జబ్బు అంత ఎక్కువని అర్థం. 27కు నాకు 18 వచ్చాయి. మిగిలిన ప్రశ్నల దగ్గర ఆగి ఆలోచించాను కాని, నేను ఎందుకూ పనికిరానని, ఇంటివాళ్లను నిరాశపరిచానని అనిపిస్తోందా అని అడిగే ఆరో ప్రశ్న దగ్గర మాత్రం కలం ఆగలేదు. మూడు పెట్టేశాను. ఆయన మాత్ర రాసి, అదే చీటీ కింద ‘వారానికి మూడు రోజులు పరుగు’ అని కూడా రాశారు. “రెండూ సాగాల్నమ్మా, ఒకటి చేస్తాండా కదా అని ఇంకోటి ఇడిసిపెట్టాకు” అన్నారు.

పరుగుతో మనోవ్యాధి తగ్గుతుందంటే నాకు నమ్మకం కుదరలేదు. ఇంటికి వచ్చి వెతికి చదివాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 1999లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, డిప్రెషన్‌తో ఉన్న యాభై ఏళ్లు దాటిన 156 మందిలో కొందరికి వ్యాయామం, కొందరికి డిప్రెషన్ తగ్గించే సెర్ట్రలిన్ మాత్ర, కొందరికి రెండూ ఇచ్చారట. పదహారు వారాల తర్వాత చూస్తే మూడు గుంపులవారూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నారు. మాత్ర మొదట్లో కాస్త త్వరగా పనిచేసింది, అంతే. ఇది చదివాక బూట్లు కొన్నాను.

కర్నూలు ఎండలకు ఆరు దాటితే పరుగెత్తలేము కనుక, ఐదుంబావుకల్లా అవుట్‌డోర్ స్టేడియం చేరేదాన్ని. నేను పాటించినది, పరుగు అలవాటు లేనివాళ్లను మెల్లగా ఐదు కిలోమీటర్ల పరుగుకు చేర్చే ‘కౌచ్ టు 5కె’ అనే తొమ్మిది వారాల పద్ధతి. మొదటి వారంలో ఐదు నిమిషాలు నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక చొప్పున ఇరవై నిమిషాలు చేయాలి. ఆ మొదటి నిమిషం నాకింకా గుర్తుంది. నలభై అంకెలు లెక్కపెట్టేసరికి గొంతు ఎండింది, చున్నీ మెడకు చుట్టుకుంది, చూపు పాదాల ముందున్న నేల మీదినుంచి కదల్లేదు. అరవై అయ్యాక ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నప్పుడు, ఆ నిమిషంపాటు పాఠశాల నుంచి వచ్చిన ఆ ఫోన్ నాకు గుర్తుకు రాలేదని గమనించాను. కొన్ని నెలల్లో అదే మొదటిసారి.

మనసు తేలికపడటం ఆ వారంలోనే తెలిసింది కాని, అది మధ్యాహ్నం దాకా మాత్రమే నిలిచేది. సాయంత్రానికి మళ్లీ అదే బరువు. ఆ తేలికదనం, నొప్పిని తగ్గించేందుకు శరీరం తయారుచేసుకునే ఎండార్ఫిన్లనే రసాయనాల వల్లనే అని స్టేడియంలో అందరూ అనేవారు. అయితే 2021లో వచ్చిన ఒక పరిశోధనలో, వాటి ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇచ్చినా పరుగు తర్వాతి ఉల్లాసం తగ్గలేదు. అందుకే శరీరంలోనే తయారయ్యే ఎండోకన్నాబినాయిడ్లనే వేరే పదార్థాలు కారణం కావచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. డిప్రెషన్ మాత్రం ఆ రోజువారీ తేలికదనాన్ని చూసి లొంగలేదు. తెల్లవారుజామున మూడింటికి వచ్చే మెలకువ నాలుగున్నరకు జరగడానికి ఆరు వారాలు పట్టింది.

పరుగు మొదలుపెట్టిన మూడో నెలలో ఒక తప్పు చేశాను. పరుగు బాగా సాగుతోంది కదా అని ఎవరినీ అడగకుండా మాత్ర మానేశాను. కొన్ని రోజులు తల తిరిగింది, ఆపైన పాత చీకటి మొత్తం తిరిగి వచ్చి, పన్నెండు రోజులు స్టేడియం ముఖం చూడలేదు. మాత్ర ఉంటేనే నేను పరుగుకు లేవగలుగుతున్నానని అప్పుడు అర్థమైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 141 మందితో చేసి 2023లో ప్రకటించిన అధ్యయనంలో కూడా, మాత్రలవారిలో 82 శాతం మంది చివరిదాకా చికిత్సకు కట్టుబడితే, పరుగువారిలో 52 శాతమే కట్టుబడ్డారు. లేవాలన్న కోరికనే తీసేసే జబ్బుకు, లేచి పరుగెత్తడమే మందని చెప్పడం ఎంత కష్టమైన మాటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. డాక్టరుగారు మందలించి మళ్లీ మొదలుపెట్టించారు. పరుగు రెండో వారం దగ్గరికి వెనక్కి వెళ్లింది.

ఆత్మగౌరవం అన్నిటికంటే ఆలస్యంగా, నేను ఎదురుచూడని దారిలో వచ్చింది. బరువు పెద్దగా తగ్గలేదు, ఉద్యోగమూ దొరకలేదు. ఐదో వారం మూడో రోజున ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తాలి. అంతకుముందు రోజు ఎనిమిది నిమిషాల చొప్పున రెండుసార్లే. భయంతో గేటు దగ్గర నిలబడి ఉంటే, అక్కడ ఆకుకూరలు అమ్ముకునే పెద్దామె, “ఏమ్మా, ఆ పన్నెండు దినాలూ రాకపోతివి, బాగుండావా?” అని అడిగింది. నా రాకను ఒకరు లెక్కపెట్టారు. చాలా నెమ్మదిగా, దాదాపు నడక వేగంతో, ఇరవై నిమిషాలూ పూర్తిచేశాను. చివరి రెండు నిమిషాల్లో ఏడుస్తూనే పరుగెత్తాను. ఆ రోజు నుంచి, రేపు వస్తానని నాకు నేను చెప్పుకున్న మాటను నమ్మడం మొదలుపెట్టాను. నా మాట మీద నాకు నమ్మకం పోయి ఎన్నాళ్లయిందో!

గత నెల అదే కాగితం మళ్లీ నింపాను. మొత్తం 6. ఆరో ప్రశ్న దగ్గర ఈసారి కలం ఆగింది. సున్నా పెట్టాలని చేయి ముందుకు పోయింది కాని, కిందటి ఆదివారం ఒక పెళ్లిలో పాత సహోద్యోగిని చూసి పక్కకు తప్పుకున్న సంగతి గుర్తుకు వచ్చి, ‘కొన్ని రోజులు’ అన్నచోట ఒకటి పెట్టి కాగితం డాక్టరుగారికి ఇచ్చాను.