బీటర్‌దా తప్పు, కుర్చీదా?

అల్లిన స్వెట్టర్ ముందు భాగం మళ్లీ కొలిచాను. 48 సెంటీమీటర్లే. రావాల్సింది 50. మొత్తం 110 కుట్లు, ముందుగా అల్లి చూసుకున్న నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకి 22, లెక్కలో తప్పేమీ లేదు. తీరా ఉతికి ఆరేశాక 23 పడుతున్నాయి. ఒక్క కుట్టు తేడాకి నిద్ర మానుకుంటారా అంటే, ఆ ఒక్క కుట్టే 2 సెంటీమీటర్లు మింగింది మరి.

మొదట సూదుల మీద అనుమానం. తర్వాత చేతి బిగువు మీద. దొంగ దొరికింది మాత్రం వంటింట్లో. నమూనా ముక్కకి వాడింది చేత్తో చుట్టిన ఉండ, స్వెట్టర్‌కి వాడినవన్నీ హ్యాండ్ బీటర్ (గుడ్లు, క్రీము గిలక్కొట్టే కరెంటు యంత్రం) మీద చుట్టినవి. లాగి చుట్టిన ఊలు అల్లుతున్నంతసేపూ ఏమీ ఎరగనట్టే ఉంటుంది. నీళ్లు తగలగానే తన అసలు పొడవుకి ముడుచుకుపోతుంది, అల్లికనీ తనతో లాక్కుపోతుంది.

బీటర్ మీద ఊలు ఉండ చుట్టడం కొత్తేం కాదు. రెండు గిలక్కొట్టే ఊచల్లో ఒకటి తీసేసి, మిగిలినదానికి టిష్యూ చుట్టలోని అట్ట గొట్టం తొడగాలి. వదులుగా ఉంటే ఊచకి రబ్బరు బ్యాండ్లు చుట్టాలి. గొట్టం అంచున 1 సెంటీమీటరు గాటు పెట్టి, 15 సెంటీమీటర్ల కొస వదిలి ఊలు అందులో ఇరికించాలి. వేగం ఎప్పుడూ 1 మీదే. పోగు ఏటవాలుగా పడాలి, ఒకే చోట పోగుపడితే గొట్టం లాగినప్పుడు ఉండ కుప్పకూలుతుంది. యంత్రం వైపు రెండు వేళ్ల జాగా ఖాళీగా వదలాలి. వదలకపోతే పోగు జారి ఇరుసుకి చుట్టుకుంటుంది. అప్పుడు ప్లగ్గు పీకేసి చేత్తో విప్పుకోవాల్సిందే. వెనక్కి తిప్పి లాగారా, నూగంతా లోపలికి పోతుంది, మోటారు కమురు వాసన కొడుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోరు.

ఇంత తిట్టి బీటర్‌ని అటక ఎక్కించేద్దామనుకున్నా. కానీ ఇది టైపు చేస్తుంటే ఇంకో సంగతి తడుతోంది. బీటర్ చేసే పని తిరగడం ఒక్కటే. పోగుని వెనక్కి పట్టి లాగిందెవరు? కుర్చీ! చిలపని, అంటే వలయంలా చుట్టిన ఊలు కట్టని, కుర్చీ వీపుకి తగిలిస్తే పోగు ప్రతి చుట్టుకీ ఆ మూలల దగ్గర తట్టుకుంటుంది. తట్టుకున్నప్పుడల్లా బీటర్ గుంజుతుంది, ఊలు సాగుతుంది. పాపం, దానికి కళ్లు లేవు కదా.

చిలప తగిలించడానికి కుర్చీ బదులు టేబుల్ ల్యాంపు గొడుగు నయం. బల్బు ఆర్పి, చల్లారాక, పైన గొడుగుని పట్టే మర కొంచెం వదులు చేస్తే గొడుగు చిన్న లాగుకే తిరుగుతుంది. చిలప చుట్టుకొలత మామూలుగా 1.5 మీటర్లుంటుంది, అంటే అడ్డంగా 48 సెంటీమీటర్లు. గొడుగు కింది అంచు అంతకంటే కాస్త వెడల్పుంటేనే చిలప జారకుండా నిలబడుతుంది. చిన్న గొడుగుకి వేలాడేసి చిక్కులు తెచ్చుకోవడం కంటే కుర్చీయే మేలు, చేత్తో చుట్టుకుంటూ.

చుట్టిన ఉండని బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగాలి. రాయిలా ఉంటే మళ్లీ వదులుగా చుట్టాలి. అనుమానం తీరకపోతే 1 మీటరు కత్తిరించి, 20 నిమిషాలు నానబెట్టి, ఆరాక కొలవడమే. ఎంత తగ్గిందో అంతా లాగుడే. ఈ పని ముందే చేసి ఉంటే ఈ టపా ఉండేది కాదు, సరే.

ఇక ఆ ముందు భాగం విప్పాలి. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. కుర్చీకి చుట్టి (దీనికి మాత్రం కుర్చీ పనికొస్తుంది), నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానేసి, దిండు గలీబులో పెట్టి వాషింగ్ మెషీన్‌లో స్పిన్ ఒక్కటే, 2 నిమిషాలు. స్పిన్‌లోనూ నీళ్లు చిమ్మే మెషీన్లు ఉన్నాయి, వాటిలో వద్దు. తడి ఊలు మెషీన్‌లో దొర్లితే ఊలు పోచల మీది సన్నని పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని చిలప తాడైపోతుంది.

తర్వాత ఆరబెట్టడం. వంకీలు పోవడానికి కింద బరువుకి సీసా కట్టి వేలాడదీయమంటారు. మళ్లీ లాగడమేగా అది! ఉత్తినే వేలాడదీస్తాను. వంకీలు కొంచెం మిగిలితే మిగలనీ.