పాల బండికి కొత్త పళ్లు

చెన్నైలో అంబత్తూరు ఎస్టేట్‌కి లేత్ పనికొచ్చి తొమ్మిదేళ్లయింది. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన పల్లె. ఇన్నేళ్లలో నా దగ్గరికి బండి తెచ్చినవాళ్లంతా స్పీడు పెంచమన్నవాళ్లే. ఈ ఏడు ఒకాయన వచ్చి, మనిషి నడకంత నెమ్మదిగా పోవాలి, కానీ ఆగిపోకూడదు అన్నాడు.

తెచ్చింది రాజ్‌దూత్ 175 బైకు. పాత ఇనుము రేటుకి ఇంకాస్త వేసి కొన్నాడంట. పాల క్యాన్లు తగిలించే కొక్కేలు, చీర గార్డు అట్నే ఉన్నాయి. మా నాయనకీ ఇలాంటిదే ఉండేది. తెల్లారి నాలుగింటికి దాని చప్పుడుకే వీధి లేచేది.

ఆయనదీ నెల్లూరే. న్యూజిలాండ్‌లో కొన్నాళ్లు డెయిరీలో పనిచేసి వచ్చాడు. అక్కడి రైతులకి యమహా ఏజీ బండ్లు ఉంటాయంట: ముందూ వెనకా క్యారియర్లు, రెండు పక్కలా స్టాండ్లు, చైనుకి నిండా కవరు. ముసలివైపోయాక కొందరు వాటినే విప్పి, పాతకాలం ట్రయల్స్ పోటీలకి మారుస్తారంట. అది రేసు కాదు. రాళ్లూ బురదా ఉన్న దారిని కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి పెడితే 1 పాయింటు, పడితే 5. తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు.

"మన తిరువొత్తియూర్ ఫ్యాక్టరీ బుల్లెట్ తేవచ్చు గదన్నా" అన్నా. 1952లో, 1957లో స్కాట్లాండ్ ఆరు రోజుల ట్రయల్‌ని జానీ బ్రిటన్ అనే రైడర్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదేనని చెప్పి, "పాత బుల్లెట్ రేటెంతో తెలుసా?" అన్నాడు. తెలుసు. ఇంక మాట్లాడలా.

రాజ్‌దూత్‌కి మూడే గేర్లు. ఫస్టులో కూడా నడక వేగానికి దించితే ఇంజను కొట్టుకుని ఆగిపోతుంది. మందు స్ప్రాకెట్‌లోనే, అంటే చైను పట్టే పళ్ల చక్రంలోనే ఉంది. లెక్కకి, ముందు 15 పళ్లు, వెనక 45 ఉంటే ముందుది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు. ముందు 12, వెనక 54 చేస్తే నాలుగున్నరకి ఒకటి, ఇంజను అంతే తిరిగినా బండి నెమ్మదిస్తుంది. ప్లేటు కోసి బోరు నేను తీశా, పళ్లు పక్క షాపులో కట్ చేయించాం. పెద్ద స్ప్రాకెట్‌కి పాత చైన్ కవరు పట్టలేదు, తీసి పక్కన పెట్టాం. ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెట్ చక్రానికి ఒక ఇనుప రింగు బోల్టులతో బిగించా. ఆ బరువుకి ఇంజను నెమ్మదిలో కూడా తిరుగుతూనే ఉంటుంది. వెల్డింగ్ పెట్టలేదు, ఆ వేడికి అయస్కాంతం చచ్చిపోతుంది.

ఇంత తెలివిగా చేసి, ఫుట్‌రెస్టుల దగ్గర బోర్లా పడ్డా. ట్రయల్స్‌లో నిలబడే నడపాలి కాబట్టి వాటిని రెండంగుళాలు వెనక్కి, కిందికి దించాలి. వెల్డింగ్ అద్దంలా వచ్చింది. మురిసిపోయి కిక్ కొట్టా. కిక్ రాడ్డు సగం దిగి కొత్త ఫుట్‌రెస్టుకి ఠంగుమని తగిలింది, నా మోకాలి కింద తోలు లేచింది. మా షాపు ఓనరు "ఎన్న తంబీ" అని నవ్వుతానే ఉన్నాడు. కోసేసి, స్ప్రింగు పెట్టి మడత ఫుట్‌రెస్టులు చేశా. అవే మేలంట, రాయి తగిలితే ముడుచుకుంటాయి.

ఇదంతా ఆదివారాల పని. అంతకుముందు చేసిన చోట ఓవర్‌టైం డబ్బులు రెండు నెలలు ఆగి వచ్చేవి. ఈ ఓనరు సాయంత్రానికి చేతిలో పెట్టేవాడు.

లైట్లు, మడ్‌గార్డులు పీకేసిన బండిని రోడ్డెక్కిస్తే కేసే. అందుకని టెంపోలో చెంగల్పట్టు దగ్గర బండాయన తోటకి తీసుకెళ్లాం. వెనక టైరులో గాలి తగ్గించి, బండల మీదికి నన్నే ఎక్కమన్నాడు. ఉదయగిరి కొండ కింద పెరిగినోణ్ని, ఇదెంతలే అనుకున్నా. పది గజాల్లో మూడుసార్లు కాలు పెట్టా. నాలుగోసారి బండితో సహా పడ్డా.

రాత్రి నాయనకి ఫోన్లో చెప్పా. అంతా విని, "ఆ కొక్కేలు ఏం చేసినావబ్బయా?" అన్నాడు.

రూములో, మంచం కింద ఉన్నాయి.