సున్నా వచ్చిన లెవెల్ బుక్

ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం ఒక అంకె దగ్గర నిద్ర ఆగిపోయింది: 0.000.

మా సర్వే క్లాసు పిల్లలవి ఈ రోజు దిద్దిన ఫ్లై లెవెలింగ్ (లెవెల్ యంత్రంతో ఎత్తుల తేడాలు కొలుచుకుంటూ పోవడం) రికార్డుల్లో ఒకదాని క్లోజింగ్ ఎర్రర్ అది, అంటే మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చాక ఎత్తులో మిగిలే తేడా. ఎత్తు ముందే తెలిసిన గుర్తు, అంటే బెంచ్‌మార్క్ దగ్గర మొదలుపెట్టి 1.2 కిలోమీటర్లు చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చారట, మిల్లీమీటరు తేడా లేదట. మామూలు పనులకు 24√K మిల్లీమీటర్ల (K అంటే కిలోమీటర్లలో దూరం) దాకా ఒప్పుకుంటాం, ఆ దూరానికి 26. జాగ్రత్తగా చేస్తే 12√K, అంటే 13. ఐదారు వచ్చినా సంబరపడేదాన్ని. సున్నా ఎప్పుడైనా అదృష్టం కొద్దీ రావచ్చు, కాదనను. కానీ స్టాఫ్ (అంకెలున్న నిలువు కొలబద్ద) మీద చదివిన రీడింగులన్నీ 0తోనో 5తోనో ఎలా ముగుస్తాయి? యంత్రంలోంచి చూస్తే కనపడే మూడు అడ్డగీతల్లో పై హెయిర్, కింది హెయిర్ సగటు ప్రతి స్టేషన్లోనూ మధ్య హెయిర్‌తో అచ్చంగా ఎలా కలుస్తుంది? నిజంగా చూసి రాస్తే అక్కడక్కడా ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావాలి.

వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు తిరుగుతోంది. మొదటి ఆర్‌ఎల్ (ఆ చోటి ఎత్తు) వేస్తే మిగతావన్నీ అదే సర్దుకుంటుంది. బ్యాక్‌సైట్ల (వెనక చోటు మీది రీడింగుల) మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (ముందు చోటు మీది రీడింగుల) మొత్తం తీసేస్తే చివరి, మొదటి ఆర్‌ఎల్‌ల తేడా రావాలన్న చెక్ చక్కగా సరిపోతుంది. ఆ చెక్ కూడికలు, తీసివేతలు సరిగ్గా చేశారని చెబుతుంది, అంతే. నేల మీద ఏం జరిగిందో దానికేం తెలుసు?

ఆన్‌లైన్ క్లాసుల్లో వాడే సిమ్యులేటర్ల మీద కూడా నాకు కోపమే. స్క్రీన్ మీద యంత్రాన్ని మట్టం చేసే ఫుట్‌స్క్రూ రెండుసార్లు నొక్కితే బబుల్ మధ్యకి వచ్చి కూర్చుంటుంది. నల్లరేగడిలో ట్రైపాడ్ కాలు బ్యాక్‌సైట్‌కీ ఫోర్‌సైట్‌కీ మధ్య మెల్లగా దిగిపోవడం అందులో ఉండదు. ఐపీస్ సరిగ్గా తిప్పుకోకపోతే కన్ను కాస్త కదిపినప్పుడల్లా హెయిర్ స్టాఫ్ మీద పైకీ కిందకీ జరగడం ఉండదు. స్టాఫ్ పట్టుకున్న పిల్లాడు ఎండకి విసిగి అటు తిరిగి నిలబడితే స్టాఫ్ 5 డిగ్రీలు వాలుతుంది, 3 మీటర్ల రీడింగు 3.011 అవుతుంది. ఒక్క వాలుకే 11 మిల్లీమీటర్లు! అందుకే స్టాఫ్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపించి, కనపడిన అన్నిటికంటే చిన్న రీడింగు రాసుకోమంటాం. ఇవేవీ ఆన్‌లైన్లో నేర్పలేం, ఆ క్లాసులన్నీ ఎత్తేయాలి అని రాసేద్దామనే కూర్చున్నాను.

రాస్తుంటే టోపోషీటు (సర్వే పటం) సంగతి గుర్తొచ్చింది. మైలుకి అంగుళం పాత షీటు స్కాన్‌ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరిఫరెన్స్ చేయమంటే, అంటే భూమి మీద దాని అసలు చోటులో కూర్చోబెట్టమంటే, ఒకమ్మాయి నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలూ శ్రద్ధగా కొట్టింది. సగటు ఎర్రర్ అర పిక్సెల్ కూడా లేదు. కానీ కింద ఉపగ్రహ చిత్రం పెట్టగానే షీటులోని ట్యాంక్‌బండ్ లోయర్ ట్యాంక్‌బండ్ వైపుకి జరిగి కూర్చుంది. హుస్సేన్‌సాగర్ మొత్తం ఆగ్నేయంగా 150 మీటర్లకు పైనే తప్పుకుంది. ఆ షీట్లు ఎవరెస్ట్ 1830 గోళాభం (భూమి ఆకారానికి లెక్కల్లో పెట్టుకున్న నమూనా) మీద గీసినవి. తను ఎంచుకున్నది 4326 కోడ్, అంటే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84. ఆ షీటుకి తగిన కల్యాణ్‌పూర్ డేటమ్ (పాత భారత సర్వే కొలతల ఆధారం) ఎంచుకుని జియోరిఫరెన్స్ చేసి, ఆ తర్వాత డబ్ల్యూజీఎస్84లోకి మార్చాలి. యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే కోఆర్డినేట్ పద్ధతి) జోనుదీ ఇలాంటి తంటానే. హైదరాబాదు 44, అనంతపురం 43, పలాస, ఇచ్ఛాపురం 45. జిల్లా చూడకుండా అందరూ 44 కొట్టేస్తారు.

ఆ పొరపాటుని పట్టించింది ఎవరు? ఇంటర్నెట్‌లో వచ్చిన ఉపగ్రహ చిత్రమే. అది లేకపోతే అర పిక్సెల్ చూసి నేనూ మార్కులు వేసేసేదాన్నేమో. కాబట్టి నా కోపం నెట్ మీద కాదు, తప్పు కనపడకుండా నున్నగా తయారై వచ్చే జవాబు మీద.

పిల్లలు నిజంగా ఇష్టపడి చేసేది హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలో, జీపీఎస్ లాంటి ఉపగ్రహాల సంకేతాలు అందుకునే జీఎన్‌ఎస్‌ఎస్ స్టేషన్ డేటాతో చేసే లెక్క. దాని పేరు హెచ్‌వైడీఈ. నాసా సీడీడీఐఎస్ సైట్‌లో ఉచితంగా లాగిన్ చేసుకుంటే 30 సెకన్లకోసారి నమోదైన డేటా దొరుకుతుంది. ఫైలు పేరులో ఉండేది తేదీ కాదు, ఏడాదిలో ఎన్నో రోజన్నది. మార్చి 1 అంటే 060, లీపు సంవత్సరమైతే 061. సీఆర్‌ఎక్స్ అనే కుదించిన ఫైలుని నేరుగా తెరవబోయి కంగారు పడతారు, ముందు దాన్ని మామూలు రైనెక్స్ ఫైలుగా విప్పాలి. తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళ ఆన్‌లైన్ లెక్కల సర్వీసు ఆస్పోస్‌కి పంపితే కోఆర్డినేట్లు మెయిల్లో వస్తాయి. గ్రూపుకో తేదీ ఇస్తే కాపీ మాటే ఉండదు. పదేళ్ళ తేడా ఉన్న రెండు తేదీలు పక్కపక్కన పెడితే స్టేషన్ ఈశాన్యంగా దాదాపు అర మీటరు కదిలి ఉంటుంది. భారత ఫలకం ఏడాదికి 5 సెంటీమీటర్లు కదులుతుందన్న వాక్యం అప్పుడు వాళ్ళదవుతుంది.

కానీ మన రిసీవర్‌తో తీసిన ఫైలు పంపేటప్పుడు యాంటెన్నా ఎత్తు గడిలో 0 వదిలేస్తే? రిపోర్టులో అనిశ్చితి మిల్లీమీటర్లలోనే ఉంటుంది, ఎత్తు మాత్రం మీటరున్నర తప్పు. ఒక్క హెచ్చరికా రాదు. వచ్చేది గోళాభం మీది ఎత్తు కూడాను, హైదరాబాదులో సముద్రమట్టపు ఎత్తుకంటే సుమారు 75 మీటర్లు తక్కువ.

సోమవారం నుంచి ఆ ఎక్సెల్ ఫైలుని నేనే క్లాసులో తెరిచి, అది ఎక్కడ దొరికిపోతుందో చూపిస్తాను. వీడియోలు ఇంటి దగ్గరే చూసి రావాలి. గ్రౌండ్‌లో ముందు టూ పెగ్ టెస్ట్ (యంత్రం చూపు మట్టంగా ఉందో లేదో చూసే పరీక్ష), ఆ తర్వాతే లెవెలింగ్. మూడు హెయిర్ల రీడింగులూ అక్కడికక్కడే ఫోన్లోంచి అందరికీ కనపడే షీటులోకి ఎక్కించాలి, దిద్దినా పాత అంకె ఉండాలి. యాంటెన్నా ఎత్తు మూడు వైపుల నుంచీ టేపుతో కొలవాలి. 3 మిల్లీమీటర్ల కంటే తేడా వస్తే ట్రైపాడ్ మళ్ళీ సెట్ చేయాల్సిందే.